గ్రాండ్‌మాస్టర్ అయ్యాక ఏమవుతుంది?

“గ్రాండ్‌మాస్టర్ అయ్యాడట కదా, ఇక సెటిల్ అయినట్టే!” పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలెవరో ఈ టైటిల్ సాధించారని వార్త వచ్చిన ప్రతిసారీ వినబడే మాట ఇది. అనేవాళ్లు మనస్ఫూర్తిగానే అంటారు. డాక్టర్ పట్టానో, పెద్ద ఉద్యోగమో చేతికొచ్చినట్టు ఊహించుకుంటారు. ఆ పిల్లవాడికీ, వాడి వెంట దేశాలు తిరిగిన అమ్మానాన్నలకూ మాత్రం సంగతి తెలుసు. గ్రాండ్‌మాస్టర్‌కి నెలనెలా జీతమిచ్చేవాళ్లు ఎవరూ లేరు. వచ్చే నెల ఎక్కడ ఆడాలి, టికెట్ ఎవరు కొనాలి, వరసగా రెండు టోర్నీలు పోతే ఏం చేయాలి అన్న ప్రశ్నలు టైటిల్‌కి ముందు ఎలా ఉన్నాయో తర్వాతా అలాగే ఉంటాయి.

చెస్ చూసేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఎవరి రేటింగ్ (ఆటగాడి బలాన్ని చెప్పే అంకె) ఎంతో గుక్క తిప్పుకోకుండా చెప్పేవాళ్లూ ఉన్నారు. కానీ ఆ ఆట ఒక మనిషికి బతుకుతెరువుగా ఎలా నడుస్తుందో వివరంగా చెప్పేవాళ్లు తక్కువ. పిల్లల్ని ఈ దారిలో పెట్టాలనుకునేవాళ్లకి అది ముందే తెలిసి ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

టైటిల్ ఎలా వస్తుంది

అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే 1950లో తొలిసారి అధికారికంగా ఈ టైటిల్ ఇచ్చినప్పుడు ప్రపంచం మొత్తంలో 27 మందికే ఇచ్చింది. అప్పట్లో గ్రాండ్‌మాస్టర్ అంటే ప్రపంచ చాంపియన్ అవడానికి అవకాశమున్నవాడని అర్థం. ఇప్పటికి ఈ టైటిల్ అందుకున్నవాళ్లు రెండు వేలు దాటారు. టైటిల్ తేలికైపోయిందని కొందరంటారు, నేను ఒప్పుకోను. ఆడేవాళ్లు పెరిగారు, నేర్చుకునే సాధనాలు పెరిగాయి, టైటిల్‌కి కావాల్సిన నార్మ్‌లనే అర్హతలు వచ్చే టోర్నీలు పెరిగాయి. ఒక్కో ఆటగాడు పడాల్సిన కష్టం మాత్రం తగ్గలేదు.

రెండు షరతులున్నాయి. ఎప్పుడో ఒకప్పుడు రేటింగ్ 2500 తాకాలి. మొత్తం కనీసం 27 గేమ్‌లు వచ్చేలా, మామూలుగా మూడు టోర్నీల్లో మూడు నార్మ్‌లు సాధించాలి. నార్మ్ అంటే ఆ ఒక్క టోర్నీలో 2600 రేటింగ్ ఉన్న ఆటగాడి స్థాయిలో ఆడినట్టు ఫలితం చూపించడం. సాధారణంగా తొమ్మిది రౌండ్లు, గెలిస్తే ఒక పాయింట్, డ్రా అయితే అర. ప్రత్యర్థుల సగటు రేటింగ్ 2380 అయితే తొమ్మిదికి 7 పాయింట్లు కావాలి. సగటు 2475 అయితే 6 చాలు. 2557 అయితే 5 పాయింట్లకే నార్మ్ వస్తుంది. పైగా తొమ్మిది మంది ప్రత్యర్థుల్లో కనీసం ముగ్గురు గ్రాండ్‌మాస్టర్లు ఉండాలి. అందరూ ఒకే దేశం వాళ్లయితే కుదరదు, మామూలుగా కనీసం రెండు వేరే దేశాల వాళ్లు ఎదురవ్వాలి. ఈ ముగ్గురు గ్రాండ్‌మాస్టర్ల నియమాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

వయసు రికార్డుల గురించి ఒక్క మాట. 2021లో అభిమన్యు మిశ్రా 12 ఏళ్ల 4 నెలల 25 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. అంతకుముందు రికార్డు 2002లో సెర్గేయ్ కర్యాకిన్‌ది, 12 ఏళ్ల 7 నెలలు. గుకేశ్ 2019లో ఆ పాత రికార్డుకి పదిహేడు రోజుల దూరంలో ఆగిపోయాడు. ఆ పదిహేడు రోజుల గురించి అప్పట్లో ఎన్నో వార్తలొచ్చాయి. 2024లో అతను ప్రపంచ చాంపియన్ అయినప్పుడు వాటి ఊసెత్తినవాళ్లు పెద్దగా లేరు. మరో పక్క, రికార్డులకి దగ్గరగా వచ్చి తర్వాత ఆట వదిలేసిన పిల్లలూ ఉన్నారు.

ఒకసారి వచ్చిన టైటిల్ జీవితాంతం ఉంటుంది. రేటింగ్ 2300కి పడిపోయినా పేరు ముందు ‘జీఎం’ అనే ఆ రెండు అక్షరాలు పోవు. మోసం చేస్తే తప్ప. 2019లో ఒక గ్రాండ్‌మాస్టర్ టోర్నీ మధ్యలో టాయిలెట్‌లో ఫోన్‌తో దొరికితే ఫిడే అతని టైటిల్ తీసేసింది, ఆరేళ్లు నిషేధించింది.

రేటింగ్ లెక్క తెలియకపోతే ఈ వృత్తి అర్థం కాదు

టైటిల్ మారదు, రేటింగ్ నెలనెలా మారుతుంది. ఆటగాడి బతుకంతా ఆ రెండో దాని మీదే నడుస్తుంది. ఏ టోర్నీకి పిలుస్తారు, హోటల్ గది ఇస్తారా లేదా, లీగ్‌లో ఏ బోర్డు మీద ఆడిస్తారు, గేమ్‌కి ఎంతిస్తారు అన్నవన్నీ రేటింగ్ చూసే నిర్ణయిస్తారు.

ఈ పద్ధతిని రూపొందించింది ఆర్పాడ్ ఈలో. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్ర ఆచార్యుడు ఆయన. ఫిడే 1970లో ఆ పద్ధతిని తీసుకుంది. దాని వెనకున్న ఆలోచన చాలా సరళం. ఇద్దరి రేటింగుల మధ్య తేడాని బట్టి ఎవరు ఎన్ని పాయింట్లు తెచ్చుకోవాలో ముందే అంచనా వేస్తారు. తేడా వంద ఉంటే పైవాడు సగటున ఒక గేమ్‌కి 0.64 పాయింట్లు, రెండొందలుంటే 0.76, మూడొందలుంటే 0.85 తేవాలి. తెచ్చినదానికీ తేవాల్సినదానికీ మధ్య తేడాని ఒక అంకెతో హెచ్చవేస్తే రేటింగ్ ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో వస్తుంది. కొత్త ఆటగాళ్లకి ఆ అంకె 40. రేటింగ్ ఒకసారి 2400 తాకితే 10, ఇక ఎప్పటికీ పదే.

ఇప్పుడు 2500 రేటింగ్ ఉన్న గ్రాండ్‌మాస్టర్ ఓ ఓపెన్ టోర్నీకి వెళ్లాడనుకుందాం. ఎవరైనా ఫీజు కట్టి ఆడగలిగే టోర్నీ అది. ప్రత్యర్థుల సగటు రేటింగ్ 2300 అనుకుంటే, తొమ్మిది గేమ్‌లలో అతను తేవాల్సింది 6.84 పాయింట్లు. కష్టపడి ఆరు గెలిచి, రెండు డ్రా చేసి, ఒకటి ఓడాడు. తొమ్మిదికి ఏడు. చూసేవాళ్లకి గొప్ప ప్రదర్శనలాగే ఉంటుంది. పెరిగే రేటింగ్ 1.6. అదే ఇంకో గేమ్ చేజారి ఆరు పాయింట్లతో ముగిస్తే తగ్గేది 8.4. పెరగడం చెంచాతో, తగ్గడం చెంబుతో.

పైగా ఆ 2300ల్లో పిల్లలుంటారు. పన్నెండేళ్ల పిల్ల రేటింగ్ కాగితం మీద 2200 ఉండొచ్చు, ఆట మాత్రం 2400 స్థాయిలో ఉంటుంది. రోజూ ఇంజిన్‌తో (చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్), కోచ్‌తో సాధన చేస్తున్న పిల్ల అంత వేగంగా ఎదుగుతుంది, రేటింగ్ వెనకాల ఆయాసపడుతూ వస్తుంది. ఆమెతో డ్రా చేసుకుంటే గ్రాండ్‌మాస్టర్‌కి పోయేది 3.5. ఓడితే 8.5. నలభై ఏళ్ల వయసున్న ఆటగాడు ఏడో రౌండ్‌లో ఇలాంటి పిల్ల ఎదురుగా కూర్చున్నప్పుడు పడే టెన్షన్ బయటివాళ్లకి కనిపించదు. గెలిస్తే ఎవరూ మెచ్చుకోరు, అది అతను గెలవాల్సిన గేమే.

2500 నుంచి 2700కి ఎక్కాలంటే ఈ లెక్క ప్రకారం, అంచనా కన్నా మొత్తం 20 పాయింట్లు అదనంగా తేవాలి. ఎక్కేకొద్దీ అంచనా కూడా పెరుగుతూ పోతుంది. 2700 దాటినవాళ్లు ప్రపంచంలో ఎప్పుడు చూసినా కొన్ని పదుల మందే. మాగ్నస్ కార్ల్‌సన్ 2014 మేలో చేరిన 2882ని ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు.

అక్కడికి చేరినవాళ్లకి ఇంకో సౌకర్యం ఉంటుంది. నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీ, నార్వే చెస్, సెయింట్ లూయిస్‌లో జరిగే సింక్‌ఫీల్డ్ కప్ లాంటివి ఆహ్వానం ఉన్నవాళ్లే ఆడే టోర్నీలు. అందరూ 2700, 2750 వాళ్లే కాబట్టి డ్రా చేసుకున్నా రేటింగ్ పెద్దగా కదలదు. కింద ఉన్నవాడికి మాత్రం ఆ గది తలుపు తెరుచుకోవాలంటే ముందు ఓపెన్ టోర్నీల్లో, చెంచా లెక్కతో పైకి రావాలి. ఇది అన్యాయమని చాలామంది ఆటగాళ్లు అంటారు, అందులో నిజముంది. అర్జున్ ఇరిగేశి ఎదుగుదల నాకు అంత గొప్పగా అనిపించడానికి కారణం ఇదే. ఓపెన్ టోర్నీలు, టీమ్ లీగ్‌లు విపరీతంగా ఆడుతూ, ప్రతి రౌండ్‌లో తనకన్నా తక్కువ రేటింగ్ వాళ్లని గెలవాల్సిన ఒత్తిడిని మోస్తూ 2024 డిసెంబర్ జాబితాలో 2801కి చేరాడు. ఆ దారిలో అంత పైకి వెళ్లొచ్చని చాలామంది అనుకోలేదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది

పత్రికల్లో కనబడేది శిఖరం. 2024లో సింగపూర్‌లో గుకేశ్, డింగ్ లిరెన్‌ల మధ్య జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌కి ప్రైజ్ మొత్తం 25 లక్షల డాలర్లు. గెలిచిన ఒక్కో గేమ్‌కి 2 లక్షలు, మిగిలింది ఇద్దరికీ సమానం. మూడు గేమ్‌లు గెలిచిన గుకేశ్‌కి 13.5 లక్షలు, రెండు గెలిచిన డింగ్‌కి 11.5 లక్షలు వచ్చాయి. ఆ మ్యాచ్‌లో చాంపియన్‌కి ఎదురుగా కూర్చోవాలంటే ముందు ఎనిమిది మంది ఆడే క్యాండిడేట్స్ టోర్నీలో మొదటి స్థానమే రావాలి. రెండో స్థానానికి మామూలుగా టైటిల్ మ్యాచ్ లేదు.

శిఖరం నుంచి ఒక్క మెట్టు దిగి చూద్దాం. 2021లో సోచిలో జరిగిన ప్రపంచకప్‌లో 206 మంది ఆడారు. విజేత యాన్ క్షిష్టోఫ్ డూడాకి 1,10,000 డాలర్లు. మొదటి రౌండ్‌లోనే ఓడిపోయినవాళ్లకి 3,750. ప్రపంచకప్‌కి అర్హత సాధించడమే చాలామంది గ్రాండ్‌మాస్టర్లకి కల. ఆ కల నిజమై, రెండు గేమ్‌లు సరిగ్గా సాగకపోతే చేతికొచ్చేది అంతే. అందులోంచే ఖర్చులు, పన్ను పోవాలి.

ఇక ఓపెన్ టోర్నీలు. రెయిక్యవిక్, దుబాయ్ లాంటి చోట్ల ఏటా జరుగుతాయి. మొదటి బహుమతి బాగానే ఉంటుంది, పదో స్థానానికి వచ్చేసరికి బాగా పలచబడుతుంది. సమాన పాయింట్లతో ఏడెనిమిది మంది ముగిస్తే బహుమతులు పంచుకోవాల్సి వస్తుంది. అందుకే ఆటగాళ్లు ముందుగా అడిగేది ప్రైజ్ గురించి కాదు, “కండిషన్స్ ఏమిస్తున్నారు?” అని. ఎంట్రీ ఫీజు లేకపోవడం, హోటల్ గది, భోజనం, ఇంకా పై స్థాయివాళ్లకి ప్రయాణ ఖర్చు, అపియరెన్స్ ఫీజు, ఇవన్నీ కలిపి కండిషన్స్ అంటారు. 2650 ఉన్నవాడికి గదీ ఫీజూ రెండూ దొరకొచ్చు. 2480కి జారిన గ్రాండ్‌మాస్టర్‌కి ఫీజు మాఫీ మాత్రమే చేసి, గది మీరే చూసుకోండని జవాబు రావొచ్చు. ఒకప్పుడు గౌరవంగా పిలిచిన నిర్వాహకుడి నుంచి అలాంటి మెయిల్ రావడం ఆటగాడికి ఓటమి కన్నా ఎక్కువ నొప్పి.

స్థిరమైన ఆదాయం ఏదైనా ఉందంటే అది టీమ్ లీగ్‌లే. జర్మనీ బుండెస్‌లీగా వీటిలో పేరున్నది, జట్టుకి ఎనిమిది మంది ఆడతారు. ఫ్రాన్స్, స్పెయిన్, ఇంగ్లండ్, టర్కీ, చైనా లాంటి దేశాల్లోనూ లీగ్‌లున్నాయి. క్లబ్ ఒక్కో గేమ్‌కి ముందే మాట్లాడుకున్న మొత్తం ఇస్తుంది, గెలిచినా ఓడినా. అందుకే ఒకే ఆటగాడు నాలుగైదు దేశాల క్లబ్‌లకి ఆడుతూ, వారాంతాలన్నీ రైళ్లలో, విమానాల్లో గడుపుతాడు. ఆటగాళ్ల ఇంటర్వ్యూల్లో లీగ్‌ల ప్రస్తావన తక్కువ, వాళ్ల ఇంటి బడ్జెట్‌లో వాటి వాటా పెద్దది.

చరిత్ర కూడా కొంచెం తెలుసుకోవాలి. సోవియట్ యూనియన్‌లో గ్రాండ్‌మాస్టర్లకి ప్రభుత్వమే నెలనెలా భత్యం ఇచ్చేది. వాళ్లు అక్షరాలా జీతం మీద ఉన్న చెస్ ఆటగాళ్లు. 1991లో ఆ దేశం విడిపోయాక భత్యాలు పోయాయి. బలమైన ఆటగాళ్లు గుంపులు గుంపులుగా పశ్చిమ ఐరోపా ఓపెన్ టోర్నీలకి వచ్చారు. ఒకప్పుడు ఇద్దరు ముగ్గురు గ్రాండ్‌మాస్టర్లుండే టోర్నీలో పదీ పదిహేను మంది కనిపించడం మొదలైంది. ప్రైజ్ డబ్బు అంతే, పంచుకునేవాళ్లు ఎక్కువ. ఇవాళ్టికీ ఆ పరిస్థితి పూర్తిగా మారలేదు. ఇప్పుడు కొన్ని దేశాల్లో ప్రభుత్వ సంస్థలు ఆటగాళ్లకి ఉద్యోగాలిస్తున్నాయి. అమెరికాలో వెబ్‌స్టర్ యూనివర్సిటీ, సెయింట్ లూయిస్ యూనివర్సిటీ లాంటివి స్కాలర్‌షిప్ ఇచ్చి గ్రాండ్‌మాస్టర్లని చేర్చుకుంటూ వచ్చాయి. ఇరవై ఏళ్ల ఆటగాడికి చదువు, ఆట రెండూ నిలిచే దారి అది.

2020లో కరోనాతో బోర్డు మీద ఆట ఆగిపోయినప్పుడు ఆన్‌లైన్ టోర్నీలు ఒక్కసారిగా పెద్దవయ్యాయి. టైటిల్ ఉన్నవాళ్లకే ప్రత్యేకించిన టైటిల్డ్ ట్యూస్‌డే లాంటి వారపు టోర్నీల్లో ప్రపంచంలోని గొప్ప ఆటగాళ్లు ఇంట్లో కూర్చునే ఆడతారు. 2025లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచకప్‌లో చెస్‌కి 15 లక్షల డాలర్ల ప్రైజ్ పెట్టారు, కార్ల్‌సన్ గెలిచాడు. వేగంగా ఆలోచించే ఇరవై ఏళ్లవాళ్లకి ఇది వరం. నిదానంగా, లోతుగా ఆడటం నేర్చుకుంటూ పెరిగిన పాత తరం ఇక్కడ ఇబ్బంది పడుతోంది.

ఆట మొదలవకముందే సగం రోజు

చూసేవాళ్లకి కనబడేది నాలుగైదు గంటల గేమ్. దాని వెనక పని రాత్రి నుంచే మొదలవుతుంది. తర్వాతి రౌండ్ జోడీలు ప్రకటించగానే ఆటగాడు ల్యాప్‌టాప్ తెరుస్తాడు. ప్రత్యర్థి ఆడిన వందలాది గేమ్‌లు డేటాబేస్‌లో ఉంటాయి. తెల్లపావులతో ఏం ఆడతాడు, నల్లపావులతో ఏ ఓపెనింగ్ (మొదటి ఎత్తుల వరస) ఎంచుకుంటాడు, ఈ మధ్య ఎక్కడ తడబడ్డాడు, అన్నీ చూడాలి. ఒక దారి ఎంచుకుని ఇంజిన్‌తో పరీక్షించి, ఇరవై పాతిక ఎత్తుల దాకా గుర్తుపెట్టుకోవాలి. ఉదయం లేచి మళ్లీ తిరగేయాలి. ఇంతా చేసి బోర్డు ముందు కూర్చుంటే, అవతలివాడు నాలుగో ఎత్తులోనే ఎప్పుడూ ఆడనిది ఆడతాడు. చదివిందంతా పక్కకి పోతుంది. ఎందుకంటే అతనూ ఇదే పని రాత్రంతా చేశాడు.

1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ అప్పటి ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ని 3.5–2.5తో ఓడించినప్పుడు చెస్ పని అయిపోయిందని చాలామంది అన్నారు. ఆట అయిపోలేదు, ఆటగాడి పని స్వభావం మారింది. ఇవాళ మామూలు ఫోన్‌లో నడిచే ఇంజిన్ కూడా ప్రపంచ చాంపియన్ కన్నా చాలా బలమైనది. సరైన ఎత్తు ఏదో అందరికీ తెలుసు. కాబట్టి గ్రాండ్‌మాస్టర్ వెతికేది ఇంజిన్ రెండో మూడో స్థానంలో పెట్టిన ఎత్తుని, ప్రత్యర్థి చూసి ఉండడనుకున్న దాన్ని, బోర్డు ముందు మనిషికి జవాబు కష్టమయ్యే దాన్ని. 2018లో కార్ల్‌సన్, కారువానా ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పన్నెండు క్లాసికల్ (గంటల తరబడి సాగే) గేమ్‌లూ డ్రా అయ్యాయి. ఇద్దరి ప్రిపరేషన్ అంత గట్టిది. తర్వాత తక్కువ సమయంలో ముగిసే ర్యాపిడ్ గేమ్‌లలో కార్ల్‌సన్ 3–0తో గెలిచాడు.

ఈ ప్రిపరేషన్ పనిని పై స్థాయిలో ఒక్కరే చేయలేరు. అందుకే సెకండ్‌లు ఉంటారు. వాళ్లూ గ్రాండ్‌మాస్టర్లే, ఆటగాడి కోసం ఓపెనింగ్ ఆలోచనలు తయారు చేసే సహాయకులు. పీటర్ హైనీ నీల్సన్ ఒకప్పుడు ఆనంద్‌కి పనిచేశాడు, తర్వాత కార్ల్‌సన్‌కి. ఆనంద్‌తో పనిచేసిన పోలండ్ గ్రాండ్‌మాస్టర్ గ్రెగోజ్ గయెవ్‌స్కీ గుకేశ్ టైటిల్ గెలిచినప్పుడు అతని వెనక ఉన్నాడు. సెకండ్ తన మంచి ఆలోచనలన్నీ ఇంకొకరికి ఇచ్చేస్తాడు, తాను ఆడాల్సిన టోర్నీలు తగ్గించుకుంటాడు. రెండేళ్లు దాచిన ఆలోచన ఓ రోజు బోర్డు మీదకొచ్చి గెలిపిస్తే, ఫొటోలో అతనుండడు. ఈ వృత్తిలో నాకు అన్నిటికన్నా గౌరవం ఉన్న పని ఇదే.

శరీరం, మనసు, వయసు

2021లో దుబాయ్‌లో కార్ల్‌సన్, నెపోమ్నియాషి ఆడిన ఆరో గేమ్ 136 ఎత్తులు సాగింది. దాదాపు ఎనిమిది గంటలు. ప్రపంచ చాంపియన్‌షిప్ చరిత్రలో అదే అన్నిటికన్నా పొడవైనది. అంతదాకా సమానంగా ఉన్న నెపోమ్నియాషి ఆ ఓటమి తర్వాత కోలుకోలేకపోయాడు. ఎనిమిది, తొమ్మిది, పదకొండు గేమ్‌లలో అతని స్థాయికి తగని తప్పులు చేసి 7.5–3.5తో ఓడిపోయాడు. ఎనిమిది గంటలు నిలకడగా లెక్కలు కట్టాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి. అందుకే ఇప్పటి ఆటగాళ్లు పరిగెడతారు, ఈత కొడతారు, నిద్ర వేళలు జాగ్రత్తగా పాటిస్తారు.

మనసు సంగతి ఇంకా సున్నితం. డింగ్ లిరెన్ 2023లో ప్రపంచ చాంపియన్ అయ్యాక చాలాకాలం ఆటకి దూరంగా ఉన్నాడు, తన మానసిక ఇబ్బందుల గురించి దాచకుండా మాట్లాడాడు. 2024 జనవరి తర్వాత నవంబర్ దాకా ఒక్క క్లాసికల్ గేమ్ కూడా గెలవకుండానే సింగపూర్ వచ్చాడు. చిత్తుగా ఓడిపోతాడని అందరూ అనుకున్నారు. మొదటి గేమే, అదీ నల్లపావులతో, గెలిచాడు. చివరి గేమ్‌కి వచ్చేసరికి స్కోరు సమంగానే ఉంది. పద్నాలుగో గేమ్‌లో, డ్రా అవుతుందనుకున్న స్థితిలో, 55వ ఎత్తులో రూక్ అనే పావుని తప్పు గడిలో పెట్టాడు. పావులు మారిపోయి గుకేశ్ గెలిచే బంట్ల ఆట మిగిలింది. ఆ ఒక్క ఎత్తు చూసి డింగ్‌ని తక్కువ చేసి మాట్లాడినవాళ్లున్నారు. ఆ పది నెలలు ఎలా గడిపి ఆ కుర్చీ దాకా వచ్చాడో చూస్తే అలా అనలేం.

ఎన్నేళ్లదాకా ఆడొచ్చు? ఒకే జవాబు లేదు. విక్టర్ కోర్చ్‌నోయ్ 47 ఏళ్ల వయసులో 1978లో కార్పోవ్‌తో ప్రపంచ టైటిల్‌కి ఆడాడు, 80 ఏళ్లప్పుడు 2011లో స్విట్జర్లాండ్ చాంపియన్ అయ్యాడు. బోరిస్ గెల్ఫాండ్ 43 ఏళ్లప్పుడు ఆనంద్‌తో టైటిల్ మ్యాచ్ ఆడాడు. వీళ్లు మినహాయింపులు. చాలామందికి ముప్పైల మధ్యలోనే రేటింగ్ నెమ్మదిగా జారడం మొదలవుతుంది. ఆలోచన తగ్గదు, తొమ్మిదో రౌండ్ నాలుగో గంటలో ఏకాగ్రత తగ్గుతుంది. అదే వయసులో ఇల్లు, పిల్లలు, బాధ్యతలు పెరుగుతాయి. ఆడవాళ్ల విషయంలో ఈ బరువు ఇంకా ముందే వస్తుంది. కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యింది, అప్పటికి ఆ ఘనత సాధించిన అమ్మాయిల్లో అందరికన్నా చిన్నది. పాప పుట్టినప్పుడు రెండేళ్లు ఆట ఆపింది. తిరిగొచ్చి 2019లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది, 2024లో మళ్లీ గెలిచింది. రెండేళ్ల విరామం తర్వాత అంత పోటీలోకి రావడం ఎంత కష్టమో, ఈ ఆటలో ఒక్క నెల ఆగినవాళ్లని అడిగినా చెబుతారు.

ఆడటం ఒక్కటే కాదు

2500, 2600 మధ్య ఉన్న గ్రాండ్‌మాస్టర్లలో కేవలం ప్రైజ్ డబ్బుతో బతికేవాళ్లు చాలా తక్కువ. శిక్షణ ఇవ్వడం అందరికన్నా ఎక్కువమంది చేసే పని. కొందరికి అదే అసలు ప్రతిభ అవుతుంది. ఆర్.బి. రమేశ్ గ్రాండ్‌మాస్టర్‌గా ఆడే రోజుల్లోనే ఆట తగ్గించి శిక్షణకి మళ్లాడు, ప్రజ్ఞానంద లాంటివాళ్లని తీర్చిదిద్దాడు. ప్రపంచం మెచ్చిన కోచ్ మార్క్ ద్వొరెత్‌స్కీకి గ్రాండ్‌మాస్టర్ టైటిలే లేదు, ఆయన ఇంటర్నేషనల్ మాస్టర్. బాగా ఆడటం, బాగా నేర్పడం వేరువేరు విద్యలని చెప్పడానికి ఆయన పేరు చాలు.

వ్యాఖ్యానం, వీడియో కోర్సులు, స్ట్రీమింగ్ ఈ పదేళ్లలో పెరిగిన దారులు. అమెరికా గ్రాండ్‌మాస్టర్ హికారు నకమురా పేరు ఇక్కడ తప్పదు. ఆన్‌లైన్ ప్రసారాలతో లక్షలమంది అభిమానుల్ని తెచ్చుకుంటూనే 2022, 2024 క్యాండిడేట్స్ ఆడాడు. అయితే అతన్ని చూసి కెమెరా పెట్టుకున్న ప్రతి గ్రాండ్‌మాస్టర్‌కీ అది కుదరదు. మాటకారితనం కావాలి, రోజూ కనబడే ఓపిక కావాలి. గంటలు గంటలు మౌనంగా ఉండటం అలవాటైన మనుషులకి అది కొత్త విద్య.

వదిలేసినవాళ్లనీ ఓడిపోయినవాళ్లుగా చూడకూడదు. కెనెత్ రోగాఫ్ గ్రాండ్‌మాస్టర్. ఆట వదిలి ఆర్థికశాస్త్రంలోకి వెళ్లి, హార్వర్డ్ ఆచార్యుడై, అంతర్జాతీయ ద్రవ్యనిధికి ముఖ్య ఆర్థికవేత్తగా పనిచేశాడు. హౌ యీఫాన్ మహిళల్లో ప్రపంచ నంబర్ వన్‌గా ఉండగానే ఆక్స్‌ఫర్డ్‌కి చదువుకోవడానికి వెళ్లింది, 2020లో షెన్‌జెన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యింది. ల్యూక్ మెక్‌షేన్ ఫైనాన్స్‌లో ఉద్యోగం చేస్తూనే గొప్ప స్థాయిలో ఆడాడు.

ఇప్పుడు ఆ ముగ్గురు గ్రాండ్‌మాస్టర్ల నియమం దగ్గరికి వద్దాం. నార్మ్ కావాల్సిన పిల్లలకి ఎదురుగా కూర్చోవడానికి గ్రాండ్‌మాస్టర్లు కావాలి. అందుకే నార్మ్‌ల కోసమే టోర్నీలు పెడతారు. పదిమంది ఆటగాళ్లు, తొమ్మిది రౌండ్లు. బుడాపెస్ట్‌లో నెలనెలా జరిగిన ఫస్ట్ సాటర్‌డే టోర్నీలు అలాంటివే. నార్మ్ వెతుక్కునేవాళ్లు ఫీజు కడతారు. అందులోంచి గ్రాండ్‌మాస్టర్లకి ఫీజు, గది ఇస్తారు. వాళ్లలో చాలామంది రేటింగ్ 2450, 2480 దగ్గర ఉంటుంది. ముప్పై ఏళ్లుగా ఆడుతున్నవాళ్లు ఉంటారు. వాళ్లు అక్కడ ఉండటం వల్లే ఆ టోర్నీలో నార్మ్‌కి విలువ.

చివరి రౌండ్. పదమూడేళ్ల అబ్బాయికి అర పాయింట్ కావాలి, అంటే డ్రా చాలు. ఎదురుగా ఉన్న గ్రాండ్‌మాస్టర్‌కి గెలిచినా ఓడినా ఫీజు అంతే. డ్రా ఇచ్చేసి తొందరగా గదికి పోవచ్చు. మంచి ఆటగాడు అలా చేయడు. తనకొచ్చిన ఎండ్‌గేమ్‌లో (కొద్ది పావులే మిగిలిన చివరి దశ) ఉన్న చిన్నపాటి ఆధిక్యంతో మూడు గంటలు నొక్కుతాడు. అబ్బాయి తట్టుకుంటాడు. 71వ ఎత్తు దగ్గర ఇద్దరూ చేతులు కలుపుతారు. తర్వాత పెద్దాయన లేచి వెళ్లిపోడు. పావులు మళ్లీ సర్దుతూ, “ఇక్కడ రాజుని ముందుకు తెచ్చి ఉంటే నాకు కష్టమయ్యేది” అని చూపిస్తాడు. అబ్బాయి వంగి చూస్తాడు. అవతల ఆర్బిటర్, అంటే ఆటకి అంపైర్, నార్మ్ సర్టిఫికెట్ మీద సంతకం పెడుతుంటాడు. పెద్దాయన రైలు రాత్రి తొమ్మిదికి, ఎల్లుండి ఇంకో ఊళ్లో మొదటి రౌండ్.